కవిలె కట్ట నుంచి కంప్యూటరు గుర్తుల దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి పంపమని కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, ఆయన మనసులో ఉన్నది బహుశా గండికోట గానీ, కొండారెడ్డి బురుజు గానీ, 1953 నుంచి 1956 దాకా కర్నూలు రాజధానిగా వెలిగిన మూడేళ్ల ముచ్చట గానీ అయి ఉంటుంది. వాటిని గురించి నాకంటె బాగా వ్రాయగలిగిన పెద్దలు మన సభ్యులలోనే ఉన్నారు. నాకు తెలిసిన విద్య ఒక్కటే, నకలు తీయడం. ఒక కాగితంలో ఉన్నదాన్ని ఇంకొక కాగితంలోకి, ఒక నమూనా రిజిస్టరులో ఉన్నదాన్ని ఇంకొక నమూనాలోకి ఎత్తి వ్రాయడమే ముప్పయ్యారేళ్లు సర్కారు నా చేత చేయించిన పని. అందుచేత ఈ వ్యాసం నకళ్ల చరిత్ర. ఇందులో కొంత మన కడప తాటాకుల నాటిది, కొంత నిన్న మొన్నటి కంప్యూటరుది. ఈ రెండూ ఒక్కచోట ఎలా ఇముడుతాయని అనుమానించే మిత్రులు కొంచెం ఓపిక పట్టవలెనని మనవి.

నేను 1972లో కడప కలెక్టరేటులో ఎల్.డి.సి.గా చేరాను. 1980లో పరస్పర బదిలీ మీద కర్నూలుకు వచ్చి, 2008లో ఇక్కడే సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. నడుమ ఎక్కువ కాలం రికార్డు రూములలోనే గడిచింది. రిటైరైన మరుసటి ఏడాది మా పెద్దబ్బాయి ఒక కంప్యూటరు కొనిపెట్టి, ఇంటర్నెట్టు కనెక్షను ఇప్పించి, "నాన్నా, ఇంక పొద్దుపోలేదని అనొద్దు" అని చెప్పి పోయినాడు. పొద్దుపోవడానికి నేను పెట్టుకున్న వ్యాపకం మా ఊరి చరిత్ర.

మా ఊరు నందికొట్కూరు తాలూకాలోది. ఇప్పుడు లేదు. 1981లో శ్రీశైలం జలాశయంలో నీళ్లు నిలిపినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వంద పైచిలుకు గ్రామాలు ఖాళీ అయినాయి. అందులో మాదొకటి. పేరున్న గుళ్లను కొన్నింటిని రాళ్లకు నంబర్లు వేసి, విప్పి, తరలించి, మళ్లీ కట్టినారు. కర్నూలు దగ్గర జగన్నాథ గట్టు మీద నిలబెట్టిన రూపాల సంగమేశ్వరాలయం మన సభ్యులలో చాలామంది చూసే ఉంటారు. మా ఊరి గుడికి అంత యోగం పట్టలేదు. కాబట్టి మా ఊరిని చూడాలంటే ఇప్పుడు పుస్తకాలలో, పాత మ్యాపులలో, ఎవరో ఎక్కడో పెట్టిన ఫోటోలలో చూడవలసిందే. అటువంటివి ఇంటర్నెట్టులో ఎక్కడ కనిపించినా ఒక గుర్తు పెట్టుకునేవాణ్ణి. దీన్నే బుక్‌మార్కు అంటారు. చదువుతున్న పుస్తకంలో నెమలీక పెట్టుకున్నట్టు అనుకోండి. పేజీ మన దగ్గర ఉండదు, అది ఏ ఊళ్లోని ఏ యంత్రంలోనో ఉంటుంది. మన దగ్గర ఉండేది దాని పేరు, దాని అడ్రసు, గుర్తు పెట్టుకున్న తేదీ, అంతే.

గుర్తులు వందలు దాటినాక వాటికి ఫోల్డర్లు కట్టవలసి వచ్చింది. చేతికి అలవాటైన పేర్లే పెట్టాను: ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. మన పాత మిత్రులకు విప్పి చెప్పనక్కరలేదు గానీ, ఇంట్లో చదివే పిల్లల కోసం చెబుతాను. జిల్లా ఆఫీసు మాన్యువల్ ప్రకారం పని ముగిసిన ఫైళ్లలో ఆర్.డిస్. శాశ్వతంగా ఉంచవలసినవి, డి.డిస్. పదేళ్లు, ఎల్.డిస్. ఏడాది. మా ఊరి సంగతులన్నీ ఆర్.డిస్.లో వేశాను. పెన్షను జీవోలు, డి.ఆర్. ఉత్తర్వులు డి.డిస్. రైళ్ల వేళలు, పాత సినిమా పాటలు, మా ఆవిడ చూసుకునే వంటల పేజీలు ఎల్.డిస్. ఆ సంగతి ఆమెకు తెలిసిన రోజున వంటలను ఆర్.డిస్.కు ప్రమోషను ఇవ్వక తప్పలేదు.

ఇలా 2009 నుంచి 2016 దాకా ఆ పాత కంప్యూటరులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు మీద, ఆ తర్వాత ఒక ల్యాప్‌టాపులో క్రోమ్ మీద నడిచింది. పోయిన వేసవిలో ల్యాప్‌టాపు ఒక మధ్యాహ్నం ఆరిపోయి మళ్లీ వెలగలేదు. రిపేరు షాపులో లోపలి డిస్కు తీసి ఫైళ్లు మాత్రం పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చినారు. అటక మీద ఉన్న పాత కంప్యూటరులోని గుర్తులు కూడా అదే పెన్‌డ్రైవులోకి ఎక్కించాము. సెలవులకు వచ్చిన మా పెద్దవాడి కొడుకు, ఇంజినీరింగు మూడో సంవత్సరం, రెండింటినీ తెరిచి చూసి, "అబ్బా, ఇది ఒక రకం, అది ఇంకో రకం. రెండూ కలవవు. మార్చాలంటే ఒక చిన్న ప్రోగ్రాము రాయాలి" అన్నాడు. (మా వైపు తండ్రి తండ్రిని అబ్బ అనే పిలుస్తారు. కోస్తా మిత్రులు దాన్ని నొప్పితో అన్న మాట అనుకోకూడదు.)

ఏమిటీ రకాల గొడవ అని వాడిని కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. తర్వాత నేను కూడా కొంత చదువుకున్నాను. దీనికీ ఒక చరిత్ర ఉంది.

1993లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బినా అనే ఇద్దరు మొజాయిక్ అనే బ్రౌజరు తయారు చేసినారు. బొమ్మలూ అక్షరాలూ ఒకే పేజీలో చూపించి వెబ్బును జనంలోకి తెచ్చింది అదే. అందులో గుర్తుల పట్టీని హాట్‌లిస్టు అనేవారు. ఆండ్రీసన్ అక్కడినుంచి బయటికి వచ్చి పెట్టిన కంపెనీ నెట్‌స్కేప్. 1994 డిసెంబరులో వారి నావిగేటర్ విడుదలైంది. బుక్‌మార్కు అన్న మాట దానితోనే అందరి నోళ్లలో నానింది. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ వారు జనానికి ఇంటర్నెట్టు కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది 1995 ఆగస్టు 15న.

నెట్‌స్కేప్ వారు గుర్తులన్నిటినీ ఒకే ఫైలులో, ఒక రిజిస్టరులాగా వ్రాయించేవారు. గుర్తుకొక వరుస. ఆ వరుసలో అడ్రసు, చేర్చిన తేదీ, పేరు. ఫోల్డరుకు ఒక శీర్షిక, దాని క్రింద కొంచెం లోపలికి జరిపి అందులోని గుర్తులు. ఫైలు మొదట్లో ఒక హెచ్చరిక ఉంటుంది: ఇది యంత్రం తయారు చేసిన ఫైలు, యంత్రమే చదివి మళ్లీ తిరగవ్రాస్తుంది, చేయి పెట్టవద్దు అని. అది చదివి నాకు నవ్వు వచ్చింది. రికార్డు రూము తలుపు మీద మేమూ ఇటువంటి బోర్డే పెట్టేవాళ్లం.

1995లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌ప్లోరరుది వేరే పద్ధతి. అందులో రిజిస్టరు లేదు, గుర్తుకొక చీటీ. ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క చిన్న ఫైలు, ఫైలు పేరే గుర్తు పేరు, లోపల అడ్రసు. చీటీలను ఏ అరలో పెడితే అదే దాని ఫోల్డరు. 2008లో ఫైర్‌ఫాక్స్ మూడవ కూర్పు గుర్తులను డేటాబేసులోకి మార్చింది. ఆ ఏడాదే వచ్చిన క్రోమ్ ఇంకొక నమూనాలో వ్రాయసాగింది. నడుమ 1998లో కొందరు ప్రోగ్రామర్లు కలిసి, అన్ని బ్రౌజర్లకూ ఒకే భాష ఉండాలని ఎక్స్‌బెల్ అనే నమూనా ఒకటి తెచ్చినారు. అది లక్షణంగా ఉన్నదే గానీ పెద్ద బ్రౌజర్లు దాన్ని పట్టించుకోలేదు.

విచిత్రం ఏమంటే, నెట్‌స్కేప్‌ను 1999లో ఏ.ఓ.ఎల్. అనే కంపెనీ కొనేసింది. 2008 మార్చిలో ఆ బ్రౌజరుకు మంగళం పాడినారు. ఎక్స్‌ప్లోరరు కూడా 2022 జూన్‌లో రిటైరైంది. అయినా ఇవాళ క్రోమ్‌లో గానీ, ఫైర్‌ఫాక్స్‌లో గానీ, ఎడ్జ్‌లో గానీ గుర్తులను బయటికి తీయమంటే వచ్చేది ఆ నెట్‌స్కేప్ రిజిస్టరే. మొదటి వరుసలో ఆ పోయిన కంపెనీ పేరు ఇప్పటికీ ఉంటుంది. మొగలాయీలు పోయినా ఫసలీ పోలేదు కదా, అలాగే.

"కంపెనీ పోయి ఇన్నేళ్లయినా ఆ పాత పద్ధతే ఎందుకబ్బా?" అని మనవడు నన్నే అడిగినాడు. అది అందరికీ చదవను వచ్చు కాబట్టి అన్నాను. ఆ సాయంత్రం వాడికి కడప కథ చెప్పాను.

1800లో నిజాం మన నాలుగు జిల్లాల సీమను కంపెనీకి ధారాదత్తం చేసినాడు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉండి చేలన్నీ కొలిపించినాడు. కొన్నేళ్లకు కాలిన్ మెకంజీ అనే స్కాట్లండు దొర మనుషులు వచ్చినారు. ఆయన సర్వే ఇంజినీరు. 1810లో మద్రాసుకు, 1815లో దేశం మొత్తానికి సర్వేయర్ జనరల్ అయినాడు. కొలతలతో తృప్తి పడక, ప్రతి ఊరి పుట్టుపూర్వోత్తరాలూ వ్రాయించాలన్నది ఆయన పిచ్చి. ఆయన దగ్గర ముఖ్యులు ఏలూరు వాస్తవ్యులు కావలి బొర్రయ్య, ఆయన పోయినాక తమ్ముడు లక్ష్మయ్య.

ఊరి సమాచారం ఎక్కడ ఉండేది? కరణం ఇంట్లో. తాటాకుల మీద గంటంతో వ్రాసిన కవిలె కట్టలలో. లేదా కడితాలలో. కడితమంటే గుడ్డకు చింతగింజల జిగురూ బొగ్గుపొడీ పట్టించి, ఆరబెట్టి, మడతలు పెట్టిన పుస్తకం. దాని మీద బలపంతో వ్రాసేవారు, తుడిచి మళ్లీ వ్రాసుకునేవారు. మెకంజీ మనుషులు ఈ కవిలెలను చదివించి, పెద్దలను అడిగి, కాగితం మీద వ్రాయించినవే కైఫియత్తులు. ఊరు ఎవరు కట్టించినారు, చెరువు ఎవరు తవ్వించినారు, ఏ గుడికి ఎంత మాన్యం, ఏ దండు వచ్చి ఊరు పాడైంది, మళ్లీ ఎవరు నిలబెట్టినారు, ఇటువంటివన్నీ అందులో ఉంటాయి.

మెకంజీ 1821లో పోయినాడు. ఆయన సంగ్రహాన్ని కంపెనీ వారు ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నారు. 1828లో కలకత్తాలో విల్సన్ దొర దానికి కేటలాగు అచ్చు వేయించినాడు. దక్షిణాది భాషల కాగితాలు తర్వాత మద్రాసుకు తిరిగి వచ్చినాయి. వచ్చినాయే గానీ చూసే దిక్కు లేదు. సిరా కాగితాన్ని తినేసింది, మిగిలినదాన్ని పురుగు తినేసింది.

అప్పుడు అడ్డుపడినవాడు మన సి.పి. బ్రౌన్. ఈయన 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి తెలుగు పట్టుబడి, తర్వాత కడపలోనే బంగళా కొని, పండితులను జీతాలిచ్చి పెట్టుకుని తాళపత్రాలకు శుద్ధప్రతులు వ్రాయించినవాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించినా, 1852లో నిఘంటువు తెచ్చినా ఆయన అసలు పని నకళ్లు తీయించడమేనని నా అభిప్రాయం. చివికిపోతున్న మెకంజీ కాగితాలకు కూడా ఆయన శుద్ధప్రతులు వ్రాయించి సంపుటాలుగా కుట్టించినాడు. లోకల్ రికార్డ్స్ అనే పేరున్న ఆ సంపుటాలు మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో నిలిచినాయి. మన కాలంలో కట్టా నరసింహులు గారి సంపాదకత్వాన కడప జిల్లా కైఫియత్తులు పుస్తకాలుగా వచ్చినాయి. కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి గ్రంథాలయం కట్టించినారు. 1990ల నడుమ అది తెరుచుకున్నప్పుడు నేను చూడబోయినాను. దానికి ఆయన పడిన శ్రమ తెలిసినవారు మనలో ఇంకా కొందరున్నారు.

తాటాకు నుంచి కాగితానికి, కాగితం నుంచి శుద్ధప్రతికి, దాని నుంచి అచ్చుకు, అచ్చు పుస్తకం నుంచి స్కానింగుకు. నేను గుర్తు పెట్టుకున్న కైఫియత్తు పేజీ నాలుగో నకలు అన్నమాట. నడుమ ఒక్కరు కునికినా నాదాకా వచ్చేది కాదు.

ఇక మా ప్రోగ్రాము సంగతికి వస్తాను. మనవడు పైథాన్ అనే భాషలో నలభై యాభై వరుసలు వ్రాసినాడు. చేయవలసిన పని పెద్దదేమీ కాదు. చీటీలున్న అరలన్నీ తిరిగి ఒక్కొక్క చీటీ తెరిచి పేరు, అడ్రసు, తేదీ తీసుకోవాలి. క్రోమ్ ఫైలులో నుంచి కూడా ఆ మూడే తీసుకోవాలి. రెండింటినీ నెట్‌స్కేప్ రిజిస్టరులో వరుసగా ఎక్కించాలి. చీటీలు 763, క్రోమ్ గుర్తులు 445, మొత్తం 1,208. గంటలో ముగిసింది, చూడమన్నాడు.

చూస్తే తెలుగు పేర్ల చోట అన్నీ ప్రశ్నార్థకాలు. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, ఫైలు వ్రాసేటప్పుడు ఆ పద్ధతిలో వ్రాయమని చెప్పకపోతే యంత్రానికి ఇంగ్లీషు తప్ప దిక్కు లేదట. ఒక్క మాట చేర్చగానే సరిపోయింది. తర్వాత లెక్క పెడితే 1,195 మాత్రమే ఉన్నాయి. పదమూడు ఏవి? వెతికితే, ఒకే అరలో ఒకే పేరుతో రెండేసి మూడేసి గుర్తులున్నాయి, చాలా సైట్ల మొదటి పేజీకి "హోమ్" అనే పేరు ఉంటుంది కదా. చీటీల అరలో ఒకే పేరుతో రెండు ఉండవు గానీ క్రోమ్‌లో ఎన్నైనా ఉండవచ్చు. ప్రోగ్రాము పేరును బట్టి గుర్తుపట్టడంతో రెండోది వచ్చి మొదటిదాన్ని తుడిచేసింది. "ఒక ఊళ్లో ముగ్గురు రామిరెడ్లుంటే కరణం ఏం చేస్తాడు నాయనా? తండ్రి పేరు వ్రాస్తాడు, పట్టా నంబరు వేస్తాడు. నువ్వు ముగ్గురి భూమీ ఒకడికి రాసినావు" అన్నాను. అడ్రసును బట్టి గుర్తుపట్టమని మార్చినాక 1,208 వచ్చినాయి.

తేదీల దగ్గర అసలు చిక్కు వచ్చింది. నేను 2022లో పెట్టుకున్న గుర్తుకు 2391వ సంవత్సరం పడింది. క్రోమ్ గుర్తులన్నీ సరిగ్గా 369 ఏళ్లు ముందుకు పోయినాయి. నాకు ఇది కంప్యూటరు తప్పుగా కనిపించలేదు, శకం తప్పుగా కనిపించింది. ఫసలీ 1400 అంటే 1990 జూలై నుంచి 1991 జూన్ దాకా అని, 590 కలపాలని మనకు నోటికి వచ్చు. శాలివాహన శకానికి 78 కలుపుతాం. వీళ్లకూ శకాలున్నాయా అని అడిగినాను. ఉన్నాయట. నెట్‌స్కేప్ రిజిస్టరులో తేదీ 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క. క్రోమ్ ఫైలులో 1601 జనవరి 1 నుంచి, అదీ సెకనులో పది లక్షల వంతుల లెక్క. మన క్యాలెండరులో లీపు సంవత్సరాల చక్రం నాలుగు వందల ఏళ్లకు తిరుగుతుంది, ఆ చక్రం మొదలు 1601 కాబట్టి అక్కడ పట్టుకున్నారు. రెండు శకాల మధ్య తేడా 1164 కోట్ల 44 లక్షల 73 వేల 600 సెకన్లు. మనవడు పది లక్షలతో భాగించినాడు గానీ ఈ తేడా తీసివేయడం మరిచినాడు.

శాసనాలు చెక్కించినవారు ఈ విషయంలో మనకంటె జాగ్రత్తపరులు. శకవర్షం 1431 అని అంకె వేసి ఊరుకోరు, శుక్ల నామ సంవత్సరం అని కూడా వ్రాస్తారు. పేరు ఒక్కటే అయితే అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది. 1509లో శుక్లే, 1989లోనూ శుక్లే. అంకె ఒక్కటే అయితే ఒక రాయి పెచ్చు ఊడితే పోయింది. రెండూ ఉంటే ఒకదాన్ని ఒకటి సరిచూస్తాయి.

చీటీల తేదీలు ఇంకొక రకంగా తప్పినాయి. 763 చీటీలకూ ఒకే రోజు పడింది. ఏ రోజని చూస్తే, పాత కంప్యూటరులో నుంచి పెన్‌డ్రైవులోకి ఎక్కించిన రోజు. ఫైలుకు పుట్టిన తేదీ, చివరిసారి వ్రాసిన తేదీ అని రెండు ఉంటాయి. నకలు తీసిన క్షణాన పుట్టిన తేదీ మారిపోతుంది, వ్రాసిన తేదీ నిలుస్తుంది. సెలవు నుంచి వచ్చిన తపాలు గుమాస్తా వారం రోజుల తపాళ్లకు ఒకే తేదీ ముద్ర కొట్టినట్టుంది. వ్రాసిన తేదీ తీసుకోమని మార్పించాను.

"తేదీలు ఎందుకబ్బా, అడ్రసులు ఉంటే చాలు కదా" అని మనవడు విసుక్కున్నాడు. వాడిది తప్పు కాదు, వాడికి 1985 తెలియదు. 1984 జనవరిలో కరణాలు, మునసబులు రద్దయి వారి దగ్గరి లెక్కలు తాలూకా కచేరీలకు చేరినాయి. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చినాయి. రికార్డులను మళ్లీ పంచినారు. అప్పుడు నేను పనిచేసిన ఒక కార్యాలయానికి కట్టలన్నీ పదిలంగా వచ్చినాయి, కట్టల జాబితా రాలేదు. దింపినవారు కట్టలను పొడుగునుబట్టి బీరువాలలో సర్దినారు. మొగుడు పోయిన ఒక ముసలామె రెండెకరాల నలభై సెంట్లు తన పేరున మార్పించుకోవడానికి ప్రతి సోమవారం వచ్చేది. కాగితం ఆ గదిలోనే ఉందని మాకందరికీ తెలుసు. నాలుగు నెలలు దొరకలేదు. దొరికేటప్పటికి ఆమె బ్యాంకు అప్పు గడువు దాటిపోయింది. ఆమె ఏమీ అనలేదు, కాగితం కొంగులో కట్టుకుని పోయింది. వెతికినవారిలో నేనొకణ్ణి, ఆ జాబితా అడగకుండా కట్టలు దింపించుకుని సంతకం పెట్టినవాణ్ణి కూడా నేనే. ఈ మాట ఇంతకు ముందు ఎక్కడా వ్రాయలేదు.

అందుకని ఫోల్డర్ల వరుస, తేదీ, పేరు ఏదీ వదలవద్దన్నాను. అంతా అయినాక కంపేరింగు చేయవలసిందే అన్నాను. ఒకరు అసలు చదవాలి, ఒకరు నకలు చూసుకోవాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. టైపు చేసిన ప్రతి కాగితానికీ మనం చేసిన పనే అది. "ప్రోగ్రాముతో పోల్చి చూపిస్తా" అని మనవడు అన్నాడు, చూపించినాడు కూడా. తప్పు చేసినవాడే తప్పు వెతకకూడదని నేను ఒప్పుకోలేదు. మా ఆవిడ పేర్లు చదివింది, నేను అచ్చు తీసిన కాగితంలో టిక్కు పెట్టుకున్నాను. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. నడుమ నడుమ "ఇదెందుకు పెట్టుకున్నావు?" అని అడుగుతుంటే కొన్నింటికి నా దగ్గర జవాబు లేదు.

గుర్తులు దక్కినాయి గానీ, నొక్కి చూస్తే మూడింట ఒక వంతు తెరుచుకోలేదు. సైట్లు మూతపడినాయి, కొన్ని అడ్రసు మార్చుకున్నాయి. ఇవి తీసేద్దామా అని మనవడు అడిగినాడు. వద్దన్నాను. భారత డిజిటల్ లైబ్రరీ అని ఒకటి ఉండేది, తెలుగు పుస్తకాలు వేలకు వేలు స్కాను చేసి పెట్టినారు. నరహరి గోపాలకృష్ణమ శెట్టి గారు 1886లో వ్రాసిన కర్నూలు జిల్లా మాన్యువలు వంటి పాత పుస్తకాల కోసం దాన్ని నేను తెగ తవ్వినాను. కొన్నేళ్లకు ఆ సైటు ఆగిపోయింది. అయితే అందులోని పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవు అనే చోటికి చేరినాయి, పుస్తకాల వివరాలలో పాత బార్‌కోడు నంబర్లు కూడా వెంట వచ్చినాయి. నా పాత గుర్తుల అడ్రసుల చివర ఆ నంబర్లు ఉన్నాయి. చచ్చిన అడ్రసులోని నంబరుతో బ్రతికి ఉన్న పుస్తకాలు ఇరవైదాకా పట్టుకున్నాము.

ఈ ఆర్కైవును శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రూస్టర్ కేల్ అనే ఆయన 1996లో మొదలుపెట్టినాడు. వెబ్ పేజీలకు ఎప్పటికప్పుడు నకళ్లు తీసి దాస్తారు. 2001 నుంచి ఎవరైనా చూడవచ్చు. పాత అడ్రసు ఇస్తే ఏ ఏ తేదీలలో నకలు తీసినారో క్యాలెండరు చూపిస్తుంది. అడ్రసు తెలియకపోతే అంత పెద్ద కొట్టులో వెతకడం కష్టం. తేదీ తెలియకపోతే పేజీ ఖాళీ అయినాక తీసిన నకలు తగిలి నిరాశ పడతాము.

2011 మార్చిలో నేనొక గుర్తు పెట్టుకున్నాను. మునక ఊళ్లలో పనిచేసిన ఒకాయన కొడుకు, తండ్రి తీసిన ఫోటోలు ఏడు పెట్టి, ఒక్కొక్క ఊరి గురించి నాలుగు మాటలు వ్రాసిన పేజీ. అందులో మా ఊరు ఉంది. ఇదివరకొకసారి తెరిస్తే ఆ సైటు లేదు, ఆశ వదులుకున్నాను. ఇప్పుడు ఆ అడ్రసును ఆర్కైవులో ఇస్తే అయిదారు తేదీలు వచ్చినాయి. కొత్తవన్నీ అమ్మకానికి పెట్టిన అడ్రసు ప్రకటనలు. 2011 ఏప్రిల్‌లో ఒకటి ఉంది. నొక్కితే మాటలన్నీ వచ్చినాయి. ఏడు ఫోటోలలో అయిదింటి చోట ఖాళీ చతురస్రాలు, రెండు మాత్రం నిలిచినాయి. ఒకటి మా గుడి ముందరి మండపం. రెండోదానిలో చావడి అరుగు, దాని పక్కన మా వేపచెట్టు సగం. చెట్టు కింద ఎవరో కూర్చుని ఉన్నారు గానీ ముఖం తెలియడం లేదు. మా ఆవిడ కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చూసి, "మీ చిన్నాయన మాదిరి ఉంది" అన్నది. నాకు నిశ్చయంగా తెలియదు. ఆ రెండు ఫోటోలనూ అక్కడే వదిలిపెట్టకుండా దింపి, అచ్చు వేయించి దాచాను.

గుర్తుల ఫైలు ఇప్పుడు కొత్త కంప్యూటరులో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, మా పెద్దవాడి దగ్గర ఒకటి ఉంది. మొదటి చీటీలనూ క్రోమ్ ఫైలునూ కూడా, తప్పులు చేసిన ప్రోగ్రాముతో సహా, విడిగా ఒక అరలో పెట్టించాను. కాగితం మీద తీయిస్తే డెబ్భై ఒక్క పేజీలు వచ్చింది. కుట్టించి, చివరి పేజీలో నకలు వ్రాసినవారు అన్నచోట మనవడి చేత, సరిచూసినవారు అన్నచోట మా ఆవిడ చేత సంతకాలు పెట్టించి, క్రింద తేదీ వేసి, బ్రాకెట్టులో ఫసలీ కూడా వ్రాశాను.